దయ మీద నడిచే కొలువు

(హైదరాబాద్ పాతనగరంలోని హుస్సేనీ ఆలంలో జరిగిన సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూర్చున్నామో ఈ గల్లీల్లో అందరికీ తెలుసు. తన పేరు అచ్చులో వేసి పెద్ద చేయవద్దని ఆయన బతికుండగానే ఇంట్లో చెప్పారు. ఇంటివాళ్లు ఆ మాట నిలబెట్టమన్నారు. అందుకని ఈ బస్తీ ఆయనను పిలిచిన పిలుపుతోనే పిలుస్తాను: అకౌంటెంట్ సాబ్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు పద్దు రాయడం నేర్పింది ఆయనే. ట్రెజరీ నుంచి బిల్లు అభ్యంతరంతో తిరిగొస్తే, మేమంతా పేజీలు తిరగేస్తుండగా ఆయన వేలు తిన్నగా తప్పున్న అంకె మీదకే వెళ్లేది.

పసితనంలో పోలియో వచ్చింది ఆయనకు. రెండు కాళ్లకూ ఇనుప క్యాలిపర్లు, చంకల్లో కర్రలు. మా సెక్షన్ మొదటి అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. పాతకాలపు ఎత్తు మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. అప్పటి సూపరింటెండెంటు మనసున్న మనిషి. కింద రికార్డు గది పక్కన ఖాళీ చోట టేబుల్ వేయించి, మీరిక్కడే కూర్చోండి, ఫైళ్లే మీ దగ్గరకు వస్తాయి అన్నారు. అటెండరు పొద్దున ఫైళ్లు దించేవాడు, సాయంత్రం ఎక్కించేవాడు. ఈ బస్తీలోనే ఉండే ఒక గుమాస్తా తన స్కూటరు మీద ఆయనను తీసుకొచ్చి, తీసుకెళ్లేవాడు. ఏళ్ల తరబడి అలాగే సాగింది. చూసినవాళ్లు ఎంత మంచి ఆఫీసు అనేవారు. అక్కడి మనుషులు నిజంగానే మంచివాళ్లు.

తరవాత సూపరింటెండెంటుకు బదిలీ అయింది. అటెండరు రిటైరయ్యాడు. గుమాస్తాకు ప్రమోషన్ వచ్చి వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన అధికారి కూడా చెడ్డవాడు కాదు. సెక్షన్ అంతా ఒకచోట ఉండాలి కదా, ఈయనొక్కరే కింద ఎందుకున్నారని అడిగాడు. జవాబుగా చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఆర్డరు లేదు, ఫైల్లో నోటు లేదు. ఆ టేబుల్ ఎవరి ఉత్తర్వుతో అక్కడికి వచ్చిందో ఎక్కడా రాసి లేదు. యాభై దాటిన వయసులో అకౌంటెంట్ సాబ్ మళ్లీ మెట్లెక్కడం మొదలుపెట్టారు.

ఆ వయసు సంగతి ఇక్కడ చెప్పాలి. పోలియో ఒకసారి వచ్చి వెళ్లిపోయే జబ్బనే అందరూ అనుకుంటారు. వచ్చిన ముప్ఫై నలభై ఏళ్ల తరవాత కొందరికి ఉన్న బలం కూడా తగ్గుతుంది. కండరాలు నొప్పి పెడతాయి, కొంచెం నడిస్తే విపరీతమైన అలసట వస్తుంది. వైద్యులు దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మనకు పోలియో రహిత గుర్తింపు వచ్చింది. అంతకు ముందు తరాల్లో పోలియో సోకినవాళ్లలో చాలామంది ఇప్పుడు కొలువుల చివరి దశలో ఉన్నారు. ఇరవై ఐదేళ్లప్పుడు ఎక్కిన మెట్లు యాభై ఐదేళ్లకు ఎక్కలేకపోతే అది వాళ్ల బద్ధకం కాదు. కార్యాలయమే దాన్ని ముందుగా ఊహించి ఉండాలి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. వికలాంగ ఉద్యోగికి పనిచోట చేసే ఏర్పాటు ఎవరి మంచితనం మీదా నిలబడకూడదు. అది కాగితం మీద ఉండాలి, కింద సంతకం ఉండాలి, దానికొక పద్దు ఉండాలి. మంచి మనుషులకు బదిలీలు అవుతాయి. కాగితం ఆఫీసులోనే ఉంటుంది.

కాగితం ఏం చేయగలదో చెప్పడానికి మన తెలంగాణలోనే సాక్ష్యం ఉంది. ఆర్టీసీలో 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు తరవాత వైద్య పరీక్షలో రంగులు తేడా తెలియవని తేలింది. బస్సు నడపడానికి పనికిరారన్నారు. వేరే పని ఇవ్వమని ఆయన అడిగారు. ఇవ్వలేదు. 2016లో వైద్య కారణాల మీద ఇంటికి పంపేశారు. కేసు హైకోర్టులో ఒకసారి గెలిచి, ఒకసారి ఓడి, సుప్రీంకోర్టుకు చేరింది. 2025 ఆగస్టు 1న తీర్పు వచ్చింది. ఎనిమిది వారాల్లో ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలి, మధ్యకాలపు జీతభత్యాల్లో 25 శాతం చెల్లించాలి అని.

ఆ తీర్పులో నన్ను పట్టి నిలిపింది దాని ఆధారం. వికలాంగుల చట్టం జాబితాలో వర్ణాంధత్వం లేదు. మరి కోర్టు దేన్ని పట్టుకుంది? 1979 డిసెంబరు 17న ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ కుదిరిన ఒప్పందాన్ని. అందులో ఒక క్లాజు, వర్ణాంధత్వం బయటపడిన డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని చెబుతుంది. మన దేశంలో వికలాంగులకు మొదటి సమగ్ర చట్టం వచ్చింది 1995లో. అంతకు పదిహేను ఏళ్ల పైగా ముందే, ఏ చట్టమూ అడగకుండానే, బస్సు డిపోల కార్మికుల తరఫున ఎవరో ఆ వాక్యాన్ని ఒప్పందంలో రాయించారు. ఆ రోజు చర్చల్లో కూర్చున్నవాళ్లలో ఎందరు ఇవాళ ఉన్నారో తెలియదు కానీ, వాళ్లు రాయించిన వాక్యం 46 ఏళ్ల తరవాత ఒక కుటుంబానికి కూడు పెట్టింది. ఇలాంటి ఏర్పాటు యాజమాన్యం చూపించే కరుణ కాదని, రాజ్యాంగమూ చట్టమూ మోపిన బాధ్యతని కోర్టు స్పష్టంగా చెప్పింది. యూనియన్ నాయకులు ఎవరైనా ఈ సభలో ఉంటే ఒక మనవి. జీతాల ఒప్పందం మీద ఈసారి సంతకం పెట్టేటప్పుడు ఆ పాత క్లాజును గుర్తు చేసుకోండి.

ఇప్పుడు చట్టం సంగతి. సెక్షన్లన్నీ ఏకరువు పెట్టను, పనికొచ్చేవి మాత్రం చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించిన పాత చట్టం స్థానంలో ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్‌ను 4 శాతం చేసింది. ఇవి చాలామందికి తెలుసు. తెలియనివి ఇవి. అవసరమైన సర్దుబాటు చేయకపోవడాన్ని కూడా ఈ చట్టం వివక్ష కిందే లెక్కగట్టింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి, దాని ప్రతిని వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట ఆ విధానంలో సహాయక పరికరాలు, అడ్డంకుల్లేని దారి, ప్రత్యేక సెలవు, బదిలీల్లో ప్రాధాన్యం, ఈ వ్యవహారాలు చూసే లైజాన్ అధికారి ఎవరు అన్నవన్నీ ఉండాలని నియమావళి చెబుతుంది.

అంటే నేనడుగుతున్న కాగితాన్ని చట్టం ఎప్పుడో అడిగింది. అకౌంటెంట్ సాబ్ రోజుల్లో ఆ నిబంధన లేదు. ఇవాళ ఉంది. ఉండి కూడా ఎన్ని గోడల మీద మీరు ఆ కాగితాన్ని చూశారు?

ఇంకొక అడ్డంకి మన దగ్గర 'సదరం' అని పిలిచే వైకల్య సర్టిఫికెట్‌లోని శాతం. క్యాంపులో డాక్టరు 40 శాతం రాస్తే మనిషికి అన్నీ ఉన్నట్టు, 35 రాస్తే ఏమీ లేనట్టు అయిపోతుంది. ఆ 40 శాతం రిజర్వేషన్, పింఛను వంటివాటికి గీసిన గీత. పనిచోట సర్దుబాటుకు అది గీత కాదు. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. 40 శాతం లేకపోయినా ఆయనకు పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని చెప్పింది. కాబట్టి మీ ఆఫీసులో ఎవరైనా సర్టిఫికెట్ శాతం చూపించి కుర్చీ మార్చనంటే, ఆ తీర్పు గుర్తు చేయండి.

ఖర్చు మాటకు వస్తాను. లెక్కల మనిషిని కాబట్టి దీన్ని వదలలేను. అమెరికాలో 1983 నుంచి జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అనే సలహా సంస్థ పనిచేస్తోంది. ఏర్పాట్లు చేసిన యజమానులను అది ఏళ్లుగా అడుగుతూ వస్తోంది. ఆ ఏర్పాట్లలో దాదాపు సగానికి అసలు ఖర్చే కాలేదన్నది వాళ్ల సర్వేల్లో మళ్లీ మళ్లీ వచ్చే జవాబు. కింది అంతస్తులో టేబుల్ వేయడానికి మా ఆఫీసుకు ఎంతయింది? ఏమీ కాలేదు. చెవులు వినపడని ఉద్యోగికి నోటి మాటతో కాకుండా రాసి ఇవ్వడానికి ఎంతవుతుంది? డయాలిసిస్‌కు వెళ్లేవారికి, మానసిక చికిత్సలో ఉన్నవారికి పనివేళలు రెండు గంటలు జరపడానికి? వీటికి కావలసింది నిర్ణయం తీసుకునే అధికారం ఒకరికి అప్పగించడం. ఖర్చయ్యేవాటికి కావలసింది పద్దు. బడ్జెట్లో పద్దు లేని ఖర్చును ఏ అధికారీ చేయడు, చేయలేడు కూడా. ర్యాంపు కట్టాలన్నా, స్క్రీన్ రీడర్ పెట్టాలన్నా, పాడైన వీల్‌చైర్ చక్రం మార్చాలన్నా ఏ పద్దు కింద అనే ప్రశ్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది. కొనడానికి డబ్బు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, బాగు చేయించడానికే దొరకదు. నేను చూసినంతలో సహాయక పరికరాలు ఎక్కువగా మూలన పడేది అందుకే.

పరికరాల విషయంలో ఈ నగరానికి గర్వించదగ్గ చరిత్ర ఉంది. ఇక్కడికి కొద్ది దూరంలో కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్ ఉంది, క్షిపణులను రూపొందించే ప్రయోగశాల. దానికి అబ్దుల్ కలాం డైరెక్టరుగా ఉన్నప్పుడు నిమ్స్ నుంచి ఎముకల వైద్యుడొకరు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం చేసిన కార్బన్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఎంత తేలిగ్గా ఉందోనని ఆశ్చర్యపోయారు. కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోల పైన బరువుండే ఇనుప క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. కొన్ని వారాల్లోనే ప్రయోగశాలవాళ్లు 300 గ్రాముల క్యాలిపర్లు చేసి ఇచ్చారు. తన జీవితంలో గొప్ప ఆనందాల్లో ఇదొకటని కలాం తరవాత చాలా సభల్లో చెప్పుకున్నారు.

ఈ కథ నాకు ఎంతో ఇష్టం. కానీ ఇందులో నేను చూసేది మరొకటి. పదార్థం ముందే ఉంది, అవసరం ముందే ఉంది, రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. ఒక వైద్యుడు ఒక ప్రయోగశాలకు వెళ్లేదాకా అవి కలవలేదు. మన కార్యాలయాల్లో ఇవాళ జరుగుతున్నదీ ఇదే. కళ్లు కనిపించని ఉద్యోగికి కంప్యూటరు తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధులైన స్నేహితులు 2006లో దాన్ని మొదలుపెట్టారు. ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అలాంటిదే అయిన టాక్‌బ్యాక్ కొన్న రోజు నుంచే ఉంటుంది. చాలా ఆఫీసుల్లో అధికారులకు వీటి పేర్లు కూడా తెలియవు.

తెలిసినా ఇంకో చిక్కు ఉంది, అది మన తెలుగువాళ్లు మనకు మనమే తెచ్చిపెట్టుకున్నది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. అయినా మనం దశాబ్దాల పాటు డీటీపీ కోసం చేసిన అను వంటి పాత ఫాంట్లలోనే టైపు చేస్తూ వచ్చాం, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. మన కంటికి అది చక్కని తెలుగే. కంప్యూటరు లోపల మాత్రం అది అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుంపు. స్క్రీన్ రీడర్ ఆ గుంపునే చదివి వినిపిస్తుంది. లేదంటే ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపుతాం. అది బొమ్మ. అందులో అక్షరాలే లేవు. అంధుడైన ఒక టీచరుకు తన బదిలీ ఉత్తర్వు తానే చదువుకునే వీలు లేకుండా పోవడానికి కారణం ఆయన కళ్లు కాదు, మనం ఎంచుకున్న ఫాంటు. ఈ విషయంలో ప్రభుత్వ శాఖలనూ, తెలుగు పత్రికలనూ, ప్రచురణకర్తలనూ నేను గట్టిగానే తప్పు పడతాను. యూనికోడ్‌లో టైపు చేసి, స్కాన్‌తో పాటు అసలు ఫైలు కూడా పంపడానికి ఏ బడ్జెట్ పద్దూ అక్కర్లేదు.

చిత్రం ఏమిటంటే, మొట్టమొదటి టైప్‌రైటర్లలో ఒకటి పుట్టిందే కళ్లు కనిపించని మనిషి కోసం. ఇటలీలో పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపు పోయిన తన స్నేహితురాలు స్వయంగా ఉత్తరాలు రాసుకోవాలని ఒక యంత్రం చేశాడు. దాని మీద ఆమె 1808లో కొట్టిన ఉత్తరం ఇంకా ఉంది. మన ఆఫీసులు టైప్‌రైటర్ల మీదే దశాబ్దాల పాటు నడిచాయి.

ఏర్పాట్లు దొరికితే ఏం సాధ్యమో చెప్పడానికి మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఉన్నారు. పుట్టు అంధుడు. హైదరాబాద్‌లో డాక్టర్ సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవనార్ అంధుల పాఠశాలలో చదివారు. పదో తరగతి తరవాత సైన్సు గ్రూపు ఇవ్వబోమని అంటే కోర్టుకు వెళ్లి తెచ్చుకున్నారు. పుస్తకాలను ఆడియో చేయించుకుని చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లారు. తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆ ఫ్యాక్టరీల్లో వికలాంగులకు ఉద్యోగాలిచ్చారు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్లు ఆయన పట్టుదలను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ సైన్సు చదవడానికి ప్రతి అంధ బాలుడూ కోర్టుకెక్కాలా అని అడిగినవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లోనే మీరా షెనాయ్ 2012లో మొదలుపెట్టిన యూత్‌ఫర్‌జాబ్స్ సంస్థ వేరే దారి పట్టింది. వికలాంగ యువతకు శిక్షణ ఇవ్వడంతో పాటు, వాళ్లను చేర్చుకునే కంపెనీలను కూడా సిద్ధం చేస్తుంది. ఆ రెండో పని లేకుండా మొదటిది నిలవదని నా నమ్మకం.

కొన్ని ఉద్యోగాలు వికలాంగులకు తగవనే వాదనా ఉంది. 2024 జులైలో మన రాష్ట్రంలోనే ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి అఖిల భారత సర్వీసుల్లో వికలాంగుల రిజర్వేషన్ ఎందుకని సామాజిక మాధ్యమంలో అడిగారు. క్షేత్రంలో తిరగాలి, గంటల తరబడి పని చేయాలి అన్నారు. పెద్ద దుమారమే లేచింది. నేను ఆ ప్రశ్నను కోపంతో కొట్టిపారేయను, జవాబు చెబుతాను. కర్రల సాయంతో నడిచిన జైపాల్ రెడ్డి 1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యేగా ఊరూరూ తిరిగారు. కేంద్రంలో పట్టణాభివృద్ధి, పెట్రోలియం వంటి శాఖలు నడిపారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు అందుకున్నారు. ఆ పనులకు ఆయన కర్రలు అడ్డం కాలేదు. ఉద్యోగం ఆకారం రాతి మీద చెక్కినట్టు మారదని, మనిషే దానికి సరిపోవాలని అనుకోవడంలోనే ఆ ప్రశ్న తప్పు ఉంది. జీపు, డ్రైవరు, పీఏ, క్యాంపు ఆఫీసు, ఇవన్నీ కలెక్టరు పని జరగడానికి చేసిన ఏర్పాట్లు కావా? వాటికి మరొకటి చేర్చడం దగ్గరే చెయ్యి ఎందుకు వెనక్కిపోతుంది?

ఇక నేను ఎక్కువసేపు ఆగవలసిన చోటికి వచ్చాను. ఇంతవరకూ చెప్పిందంతా ఆఫీసులు, కంపెనీలు, ఆర్డర్ల సంగతి. మన బస్తీలో ఎంతమందికి అలాంటి కొలువులున్నాయి? ఈ వీధి నుంచి మహబూబ్ చౌక్ మీదుగా లాడ్ బజార్ దాకా నడిచి చూడండి. ఇళ్ల లోపల కార్చోబ్ చట్రాల ముందు నేల మీద కూర్చుని జరీ పని చేసే ఆడవాళ్లు. బొగ్గుల పొయ్యి మీద లక్కను కరిగించి, వేడి ఆరకముందే గాజు మీద రాళ్లు అద్దే చేతులు. దుకాణాల్లో పొద్దు పొడిచినప్పటి నుంచి నిలబడే సేల్స్ కుర్రాళ్లు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని మనమంతా సంతోషించాం. గాజుకు గుర్తింపు వచ్చింది. ఆ గాజు చేసిన వేళ్లకు ఇంకా రాలేదు.

ఇక్కడ వైకల్యం రెండు వైపుల నుంచీ వస్తుంది. పుట్టుకతో, జబ్బుతో వచ్చేది ఒకటి. పని వల్ల వచ్చేది ఇంకొకటి. బిగించిన బట్ట మీదకు వంగి ఏళ్ల తరబడి సన్నని సూదితో కుట్టిన మనిషికి మెడ, నడుము ఏ స్థితిలో ఉంటాయో మీ ఇళ్లలో చూస్తూనే ఉన్నారు. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. ఒక కళ్లజోడు చాలు, ఇంకో పదేళ్లు పని చేయగలదు. ఆ కళ్లజోడు లేక పని మానేసిన ఆమెను వికలాంగురాలని ఏ సదరం క్యాంపూ రాయదు. ఉద్యోగం పోయిన ఉద్యోగిని అని ఏ రిజిస్టరూ రాయదు. ఆమెకు పని ఇచ్చేది కార్ఖానా నుంచి బట్ట తెచ్చే మధ్యమనిషి. ముక్కకింత అని లెక్క. చట్టంలో సంస్థ అన్న మాట కిందకు కంపెనీ, ఫ్యాక్టరీ, సహకార సంఘం, ట్రస్టు వంటివి వస్తాయి. మధ్యమనిషి వాటిలో ఏదీ కాదు. విధానం రాయమని ఎవరిని అడగాలి?

2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు. వాళ్లలో పని చేస్తున్నవాళ్లు 36 శాతం. మగవాళ్లలో 47, ఆడవాళ్లలో 23. ఇంట్లో జరీ కుట్టే ఆమె ఆ 23లో లెక్కకు వచ్చిందో లేదో, నాకు అనుమానమే. గడపగడపకూ వచ్చిన గణకుడికి ఆమె 'ఏం పని చేయను, ఇంట్లోనే ఉంటాను' అని చెప్పి ఉంటుంది.

ఇక్కడ చేయగలిగిన పనులు నా కంటికి కొన్ని కనిపిస్తున్నాయి. కార్చోబ్ చట్రానికి కాళ్లు పెట్టి కుర్చీ ఎత్తుకు లేపితే, నేల మీద కూర్చోలేని మనిషి కూడా కుట్టగలదు. భూతద్దం బిగించిన ఎల్‌ఈడీ దీపం సన్నపని చేసే ప్రతి చోటా ఉండొచ్చు. దుకాణంలో కౌంటరు వెనక ఒక ఎత్తు స్టూలు ఉంటే కాలు బలహీనంగా ఉన్న కుర్రాడు రోజంతా పని చేస్తాడు. చెవులు వినపడని సేల్స్‌మన్‌కు ఒక పలక, ధరల చీటీలు ఉంటే బేరం ఆగదు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి బొమ్మలతో ఎలా నేర్పాలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు 1984 నుంచి తెలుసు. ఎవరో వెళ్లి అడగాలి, కంచన్‌బాగ్‌కు ఆ వైద్యుడు వెళ్లినట్టు.

ఈ పనులను కూడా దయ మీద వదలకూడదన్నదే నా పట్టు. లాడ్ బజార్ వ్యాపారుల సంఘాలు, కార్ఖానాదార్లు కలిసి కూర్చుని ఒక్క పేజీ రాసుకోవచ్చు. జీఐ గుర్తింపు ఉన్న సరుకు అమ్మేవాళ్లు దాన్ని చేసినవాళ్ల కళ్ల పరీక్షకు, దీపానికి, కుర్చీకి ఇంత అని ఒప్పుకోవచ్చు. 1979లో ఆర్టీసీ కార్మికులు చట్టం లేకుండానే రాయించుకున్నారు కదా.

పింఛను గురించి రెండు మాటలు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 చేశారు. పోరాడి తెచ్చుకున్నది, ఉండవలసిందే, పెరగవలసిందే. అయితే పింఛను ఇస్తున్నాం కదా, ఉద్యోగం ఎందుకు అనే మాట నేను అధికారుల నోట విన్నాను, కుటుంబాల్లోనూ విన్నాను. పింఛను బతుకుకు, పని మనిషికి. అకౌంటెంట్ సాబ్ రిటైరయ్యాక కూడా ఈ గల్లీ పిల్లల ఫీజు రాయితీ అర్జీలు రాస్తూనే ఉన్నారు, దుకాణాల వాళ్ల లెక్కలు సరిచూస్తూనే ఉన్నారు. ఎందుకండీ అంటే, చెయ్యి బాగానే ఉంది కదా అనేవారు.

దారి మాట కూడా చెప్పాలి. ఆఫీసులో ర్యాంపు కట్టినా ఇంటి నుంచి అక్కడికి చేరడం ఎలా? హుస్సేనీ ఆలం నుంచి వీల్‌చైర్ మీద ప్రధాన రోడ్డు దాకా వెళ్లి చూడమని ఇంజనీర్లను కోరుతున్నాను. పాతనగరానికి మెట్రో పనులు జరుగుతున్నాయి. స్టేషన్లో లిఫ్టు ఉంటుంది, మంచిది. స్టేషన్ బయట కాలిబాట ఎవరిదన్న ప్రశ్న ఇప్పుడే, పనులు జరుగుతున్నప్పుడే తేలాలి. భవనాలు, రవాణా, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు ఇన్నేళ్లూ సలహాలుగానే ఉండిపోయాయి. వాటిని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆదేశించింది. ఆ కేసులో కోర్టు అడిగి రాయించుకున్న నివేదిక మన నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రానిది. దేశానికి ప్రమాణం చెప్పిన నగరం తన గల్లీల్లో దాన్ని పాటించి చూపాలి.

మహిళా డిగ్రీ కళాశాల నుంచి ఈ సభకు వచ్చిన విద్యార్థినులకు చివరగా. రేపు మీలో చాలామంది బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, బడుల్లో చేరతారు. చేరిన మొదటి వారంలో మీ సంస్థ సమాన అవకాశాల విధానం చూపించమని అడగండి. మీకు వైకల్యం లేకపోయినా అడగండి. లేదంటే ఎందుకు లేదని రాతపూర్వకంగా అడగండి. మీ పక్క సీటులో సర్దుబాటు కావలసిన మనిషి ఉంటే సాయం చేయండి, చేసిన సాయాన్ని ఫైల్లో నోటుగా పెట్టించండి, తరవాతి అధికారికి అది కనిపించాలి. ప్రభుత్వ కార్యాలయమైతే అక్కడ ఫిర్యాదుల అధికారి ఉండాలి. వినకపోతే రాష్ట్ర కమిషనర్‌కు అర్జీ పెట్టవచ్చు, దానికి వకీలు అవసరం లేదు. వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం మలక్‌పేటలో ఉంది, ఇక్కడికి దూరం కాదు. అర్జీ ఎలా రాయాలో తెలియనివాళ్లు, ఈ బస్తీవాళ్లు ఎవరైనా సరే, నా దగ్గరకు రండి. కూర్చుని రాసిస్తాను. ఆ పని నాకు అకౌంటెంట్ సాబ్ నేర్పారు.